బెల్లంకొండ లాగిన్

మా కంపెనీ ఆఫీసు హైదరాబాదులో ఉంది. పనిచేసే మనుషులు మాత్రం సగానికి పైగా అక్కడ లేరు. కరోనా నాడు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళారు, తర్వాత రమ్మన్నా చాలామంది రాలేదు. కంపెనీ కూడా రెండు అంతస్తులు ఖాళీ చేసి, అద్దె మిగిలిందని సంతోషించి ఊరుకుంది. నేను నరసరావుపేటలో మా మేడ మీది గదిలో కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న వాళ్ళందరినీ పొద్దున్నే కంపెనీ కంప్యూటర్లలోకి పంపించే పని చేస్తాను. స్పిన్నింగు మిల్లుల కొనుగోళ్ళూ రవాణా బిల్లులూ సరిచూసి పెట్టడం మా కంపెనీ వ్యాపారం. ఏ మిల్లు ఎవరి దగ్గర ఏ ధరకు పత్తి కొంటున్నదో బయటికి పొక్కితే ఆ మిల్లువాళ్ళు మళ్ళీ మా మొహం చూడరు. అందుకని వీపీఎన్ అనే ఏర్పాటు పెట్టుకున్నాం. దానికి కాపలా నేను.

"వీపీఎన్ అంటే ఏందే?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. బొల్లాపల్లి వైపు మెట్టపొలాల్లో మిరపకాయలు కోసి కోసి అరిగిపోయిన చేతులు ఆమెవి. రేషన్ షాపు మిషన్ మీద ఆమె వేలిముద్ర పడదు.

"మిర్చి బస్తాలు వేసుకుని లారీ గుంటూరు యార్డుకి పోద్ది గదా. రోడ్డు అందరిదీ. పైన పట్టా కప్పి తాడు బిగించి కట్టారనుకో, లోపల ఏమున్నదీ ఎవరికీ కనపడదు. దారిలో ఎవడూ చెయ్యి పెట్టలేడు. ఇదీ అంతే" అన్నాను.

"పట్టా కప్పినా ఘాటు దాగదుగా" అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది. ఆమె అన్నదాంట్లో ఎంత నిజముందో అప్పుడు పట్టించుకోలేదు.

నాకు కోపం ఎక్కువ. ఫోనులో నా గొంతు వింటే మర్చిపోయిన పాస్‌వర్డు కూడా గుర్తుకొస్తుందని ఆఫీసులో ఎగతాళి చేస్తారు. నిజమే, అరుస్తాను. ఒకడి పాస్‌వర్డు ఇంకొకడు వాడితే, రేపు ఏదన్నా జరిగినప్పుడు చేసిందెవరో తేలదు. చెయ్యనివాడి మెడకు చుట్టుకుంటుంది. అందుకని నీ పాస్‌వర్డు నీ దగ్గరే ఉండాలి, కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు అని నేనే రూలు రాసి అందరికీ పంపాను. తప్పితే ఉద్యోగం పోతుందని కూడా అందులో రాశాను.

నా తెర మీద మనుషులకు పేర్లుంటాయి గాని, నేను వాళ్ళను ఊళ్ళతోనే గుర్తుపెట్టుకుంటాను. మాచర్ల కుర్రాడు బద్ధకస్తుడు. గురజాల ఆయన పూజ అయితే గాని కూర్చోడు. బెల్లంకొండ ఆమె అందరికంటే ముందు వస్తుంది. ఆమెది బెల్లంకొండ దాటాక లోపలికి ఉండే పల్లె. పెళ్ళికి ముందు బీకాం చదివి, తర్వాత ఆ చదువును మడిచి పెట్టెలో పెట్టిన మనిషి. ఈ వీపీఎన్ పుణ్యమా అని ఉద్యోగం ఆమె ఇంటికే వచ్చింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మొదట్లో లాప్‌టాప్‌లో అన్నీ ఎక్కించేటప్పుడు ఫోనులో ఒక పూటంతా మాట్లాడుకున్నాం. "మేడం, మీరు అరిచినా అర్థమయ్యేట్టు అరుస్తారు" అంది. ఆ మాట నాకు నచ్చింది. తర్వాత కరెంటు పోయినప్పుడు చేసే ఫోన్లు తప్ప మా మధ్య పెద్ద మాటలేమీ లేవు.

లోపలికి రావడానికి పాస్‌వర్డు ఒక్కటే చాలదు. అది కొట్టగానే వాళ్ళ ఫోనుకు ఒక ప్రశ్న వెళుతుంది, వస్తున్నది మీరేనా అని. ఫోను మీద వేలు పెట్టి అవుననాలి. కాసేపట్లో అనకపోతే ఆ ప్రశ్నకు కాలం చెల్లిపోతుంది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇదంతా నాకు తెర మీద కనపడుతూ ఉంటుంది.

పోయిన పత్తితీతల కాలంలో ఒకరోజు బెల్లంకొండ ఆమె లాగిన్ చూస్తే, లాప్‌టాప్ బెల్లంకొండ వైపే ఉంది, అవునన్న ఫోను మాత్రం గుంటూరులో ఉంది. సెల్లు టవర్లు ఒక్కోసారి ఊళ్ళు తప్పు చెబుతాయి, అదేననుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పని చేసే చేతులు ఒకచోట, అవుననే వేలు ఒకచోట. నా ఒళ్ళు మండింది. లాప్‌టాప్‌కే కాల్ చేశాను. ఎవరో చిన్న వయసు గొంతు పలికింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆమె తోటికోడల్ని మేడం. అక్క గుంటూరు ఆస్పత్రిలో ఉంది. నేను అక్క బదులు చేస్తన్నా."

తడుముకోలేదు, దాచలేదు. పక్కింటామె వచ్చి మీ అమ్మేదీ అంటే చేనుకు పోయిందని చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"ఎవర్నడిగి చేస్తన్నావు?"

"ఎవర్నడగాల మేడం? అక్క పనేగా."

ఆ పిల్ల అమాయకత్వానికి నవ్వాలో, తల బాదుకోవాలో తెలియలేదు. ఫోనులో తిట్టడం చాలక, మర్నాడు సెలవు పెట్టి బయల్దేరాను. సత్తెనపల్లిలో బస్సు మారి, బెల్లంకొండలో ఆటో ఎక్కి ఆ ఊరు చేరాను. లాప్‌టాప్ స్వాధీనం చేసుకుని లాగిన్ మూసేసి వద్దామనే వెళ్ళాను. దారి పొడుగునా అనాల్సిన మాటలు కూర్చుకున్నాను కూడా.

ఇంట్లో ముందు గది నిండా పత్తి పోసి ఉంది. నేల నుంచి కిటికీ దాకా తెల్లగా కుప్ప. ఆ కుప్పకూ గోడకూ మధ్య మిగిలిన జాగాలో ఒక టేబుల్, దాని మీద లాప్‌టాప్, ముందు ప్లాస్టిక్ కుర్చీ. ఆ పిల్ల లేచి నిలబడింది. జుట్టు నిండా పత్తి పింజలు, మెడలో హెడ్‌ఫోను. కుర్చీ నాకు జరిపి, తను పత్తి కుక్కిన బోరెం మీద కూర్చుంది.

"ఈ పని నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలా. అక్క మొదలెట్టిన కాడ్నుంచి పక్కన కూర్చుని చూసేదాన్ని. డిగ్రీ మధ్యలో పెళ్ళయింది నాకు. చూస్తా ఉంటే వచ్చేసింది."

అక్క సంగతి అడిగాను. నీరసంగా ఉందని డాక్టరు దగ్గరికి వెళితే పరీక్షలన్నీ చేసి రక్తంలో పెద్ద జబ్బుందన్నారట. గుంటూరులో పెట్టి మందులెక్కిస్తున్నారు. భర్త దగ్గరుండి చూసుకుంటున్నాడు. ఇంకా చాలాకాలం పడుతుందన్నారట.

"లీవులన్నీ అయిపొయినయ్ మేడం. రాకపోతే పేరు తీసేస్తారంటగా. పేరు తీస్తే కంపెనీ ఇచ్చిన కార్డు పోయిద్ది. ఆ కార్డు మీదే వైద్యం నడుస్తంది. కార్డు లేదంటే ఆస్పత్రోళ్ళు ఇంటికి పొమ్మంటారు." అక్కడ ఆగి నా మొహంలోకి చూసింది. "మిరపకోతలకి అక్కకి జొరమొస్తే అక్క బదులు నేను పోలా? నాకు కానుపైనప్పుడు నా బదులు అక్క పోలా? ఇదీ అంతేగా మేడం. దొంగతనం చేశానా?"

కూర్చుకొచ్చిన మాటలన్నీ పక్కన పెట్టాను. ఈ లాగిన్ మూయడమంటే గుంటూరులో ఆ మంచం ఖాళీ చేయించడం. మూయకపోవడమంటే నేను రాసిన రూలు నేనే తొక్కడం. ఆ పిల్ల ఇచ్చిన మజ్జిగ తాగి, ఒక్కరోజు లాప్‌టాప్ ముట్టుకోవద్దని చెప్పి తిరిగొచ్చేశాను. వచ్చేటప్పుడు బస్సులో నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపంతో వచ్చిన ఏడుపు అది.

అమ్మకు చెప్పాను. నాకు సలహా కావలసి వచ్చినప్పుడు నేను అడిగేది ఆమెనే.

"బదులు పోతే తప్పేందే?" అంది. "సాలు కోసేది ఏ చెయ్యయితే ఏంది?"

"అది సాలు కాదమ్మా. మిల్లుల గుట్టు."

"మేం బదులు పోయేటప్పుడు ముందు రోజే ఆసామికి చెప్పేవాళ్ళం. రేపు నాకు ఒంట్లో బాగుండదయ్యా, మా తోటికోడలు వచ్చిద్ది అని. ఆసామి సరేనంటేనే పోయేది. చెప్పకుండా పోతే గట్టు మీదనుంచే ఎనక్కి పంపేవాడు. వీళ్ళు ఆసామికి చెప్పారా?"

"లేదు."

"అదే తప్పు. పోయి చెప్పు."

పని చేయడం కాదు, చెప్పకపోవడం తప్పు. ఇన్నేళ్ళు రూల్సు రాసిన నాకు ఆ రెండింటికీ ఉన్న తేడా మిరపచేలో నిలబడ్డ మనిషి చెప్పాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే హైదరాబాదుకు, మా మేనేజరుకు ఫోను చేశాను.

"పాస్‌వర్డు ఇంకొకరికి ఇవ్వడం ఉద్యోగం తీసేయాల్సిన తప్పు. మీకు నేను చెప్పాలా?" అన్నాడాయన.

"మీరు చెప్పక్కర్లేదు సార్. ఆ రూలు రాసింది నేనే."

"మరి?"

"దొంగచాటుగా చేసి ఉంటే ఈపాటికి నేనే తీసేయించేదాన్ని. అడిగిన మరుక్షణం చెప్పింది సార్ ఆ పిల్ల. దాచే బుద్ధి ఉన్నవాళ్ళు అలా చెబుతారా? చేసిన పనంతా తిరగేసి చూశాను, బయటికి పోయింది ఏమీ లేదు. మా ఊళ్ళలో ఒకరికి బాగాలేకపోతే ఇంకొకరు పోతారు. వాళ్ళ తప్పల్లా మిమ్మల్ని అడక్కపోవడమే. వాళ్ళ తరఫున ఇప్పుడు నేను అడుగుతున్నాను."

గొంతు పెద్దదయిందని నాకే తెలిసింది. ఆయన చెడ్డ మనిషేమీ కాదు, తీరిక లేని మనిషి.

"మీరు పూచీ ఉంటారా?" అన్నాడు చివరికి.

"ఉంటాను."

తోటికోడళ్ళలో చిన్నామెకు సొంతంగా లాగిన్ ఇవ్వడానికి మిల్లులవాళ్ళ అనుమతి కావాలి, దానికి కొంతకాలం పడుతుంది. అది వచ్చేదాకా పెద్దామె లాగిన్‌లోనే చిన్నామె పని చేయొచ్చు. పెద్దామె పేరు తీయరు, కార్డూ ఉంటుంది. కాని రోజూ పొద్దున్న అవునని ఒప్పుకోవలసింది పెద్దామే. ఇంకెవరి వేలూ ఆ ఫోను మీద పడకూడదు. పడలేదని రోజూ నేను చూసుకోవాలి. ఇదీ ఆయన పెట్టిన షరతు. ఆ ఫోనులో అంకెలు కొట్టి ఒప్పుకునే వీలు తీసేసి, వేలిముద్ర ఒక్కటే ఉంచాను. ఆయనకు దండం పెట్టాలనిపించింది. ఫోనులో దండాలు కనపడవు గనుక సరే సార్ అని ఊరుకున్నాను.

ఆ రోజే గుంటూరుకు ఫోను చేశాను. పెద్దామె గొంతు బాగా సన్నబడిపోయింది.

"మీకు చెప్పకపోవడం తప్పే మేడం. అడిగితే తీసేస్తారేమోనని భయమేసింది."

"ఇక భయం లేదు. నీ వేలు మాత్రం రోజూ నువ్వే పెట్టాలి. మీ ఆయన కూడా పెట్టకూడదు."

"ఎవర్నీ పెట్టనియ్యను మేడం" అంది. "పొద్దున్నే ఆ ఫోను మోగిద్ది చూడండీ, దానికోసం ముందే లేచి కూర్చుంటన్నా. ఇక్కడ అన్నీ వేరేవాళ్ళే చేస్తారు నాకు. మంచినీళ్ళు కూడా తాపిస్తారు. రోజు మొత్తానికి నేను చేసే పని అదొక్కటే. మా చెల్లి అటు నుంచి నొక్కిద్ది, నేను ఇటు నుంచి ఎత్తుతా."

చెల్లి అంటే తోటికోడలు. మన వైపు తోటికోడళ్ళ మీద ఉన్న సామెతలు తలుచుకుంటే, ఎవరో అసూయపడి కట్టినవేమో అనిపిస్తుంది.

అలా మొదలైంది నా కాపలా. పొద్దున్నే స్నానం చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని తెర ముందు కూర్చునేదాన్ని. బెల్లంకొండ నుంచి పాస్‌వర్డు పడేది. గుంటూరుకు ప్రశ్న వెళ్ళేది. వెళ్ళీ వెళ్ళకముందే అవునని వచ్చేది. ఆ తర్వాతే నేను కాఫీ తాగేదాన్ని. కింద వంటింట్లోంచి అమ్మ కేక వేసేది, "ఆ పిల్ల వేలు పెట్టిందా?" అని. పెట్టిందంటే "బతకనీ" అనేది.

కొన్నాళ్ళకు అవుననేది ఆలస్యంగా రావడం మొదలైంది. ఒక్కోసారి ప్రశ్నకు కాలం చెల్లిపోయి, రెండోదానికి వచ్చేది. వేలు పెట్టింది గాని ముద్ర పడలేదని ఒక్కోసారి తెర మీద కనపడేది. మందులకు చేతులు పొడిబారిపోయి ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టమని కబురు చేశాను. మర్నాడు పడింది. ఆమె ఎలా ఉందో ఊళ్ళో వాళ్ళింట్లో వాళ్ళకంటే ముందు నాకు తెలిసిపోయేది. రాత్రి బాగా నిద్రపట్టిన పొద్దున వెంటనే వచ్చేది. పట్టని పొద్దున రెండు మూడు ప్రశ్నలు పాడయ్యేవి. మాచర్ల కుర్రాడు ఆలస్యమైతే ఫోను చేసి అరిచేదాన్ని. బెల్లంకొండ ఆలస్యమైతే తెర వైపే చూస్తూ కూర్చునేదాన్ని. నేను చూడని మనిషి, పట్టుమని పదిసార్లు మాట్లాడని మనిషి. అయినా ఆమె వేలి కోసం దేవుడికి మొక్కుకున్నాను. నాకు ఇష్టమైన మనిషి అయిపోయింది.

చిన్నామె పని మాత్రం పెద్దామె పనిలాగే ఉండేది. మధ్యాహ్నం ఒకసారి నేనే కాల్ చేసేదాన్ని. "అన్నం తిన్నావా?" అని అడిగితే "ఇంకా లేదు మేడం, ఈ బిల్లు అయినాక" అనేది. అక్క తిరిగొచ్చేసరికి ఆమె పని ఆమెకు మాట రాకుండా అప్పజెప్పాలని ఆ పిల్ల తాపత్రయం. తిరిగి రావడం గురించి మేమిద్దరం ఎప్పుడూ అనుమానంగా మాట్లాడుకోలేదు. మాట్లాడితే నిజమవుతుందేమోనని నాకు భయంగా ఉండేది.

గదిలోని పత్తి అమ్మేశారని, ఇప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నానని ఆ పిల్ల చెప్పిన కొన్నాళ్ళకు అది జరిగింది. మిల్లులవాళ్ళ అనుమతి ఇంకా రాలేదు.

ఆ పొద్దున బెల్లంకొండ నుంచి పాస్‌వర్డు పడింది. గుంటూరుకు ప్రశ్న వెళ్ళింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాను. కాలం చెల్లిపోయింది. రెండో ప్రశ్న వెళ్ళింది. అదీ చెల్లిపోయింది. మూడోది. వేలు పెట్టి ముద్ర పడకపోతే ఆ సంగతి కనపడాలి. అదీ లేదు. ఫోను ఆగిపోయిందేమో చూశాను, ఆగలేదు. నెట్‌వర్కు బాగానే ఉంది, ప్రశ్న ఆ ఫోను దాకా చేరుతోంది. అక్కడ మోగుతోంది. ఎత్తేవాళ్ళు లేరు. ఇంకో ప్రశ్న వెళ్ళింది.

నాకు అర్థమైంది. ఆ పిల్లకు ఇంకా కబురు అందినట్టు లేదు, నెట్టు సరిగా లేదనుకుని నొక్కుతూనే ఉంది. ఎవరో ఒకరు చెప్పాలి. కింద నుంచి అమ్మ "పెట్టిందా?" అని కేకేసింది. నేను పలకలేదు. అమ్మ మళ్ళీ అడగలేదు.

ఫోను చేతిలోకి తీసుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను. ఈలోగా తెర మీద మరో ప్రశ్న వెళ్ళి పాడైంది. ఇక ఆగలేక చేశాను. వెంటనే ఎత్తింది.

"అమ్మా, కాసేపు ఆ లాప్‌టాప్ పక్కన పెట్టు. ఇంట్లో ఎవరున్నారు నీ దగ్గర?"

"అందరూ గుంటూరు పోయారు మేడం" అంది. గొంతు మామూలుగానే ఉంది. "మా బావ ఫోను చేశాడు. తెల్లారగట్ట పోయిందంట అక్క. ఇంకాసేపటికి తీసుకొస్తన్నారు."

ఎదురుచూడని మాట కాదు. ఆ పిల్లకు తెలిసే నొక్కుతోందని మాత్రం నేననుకోలేదు.

"తెలిసీ ఎందుకమ్మా నొక్కుతున్నావు?"

ఎప్పటిలాగే దాచకుండా చెప్పింది.

"రోజూ నేను నొక్కితే అక్క ఎత్తేది గదా మేడం. ఇవ్వాళ గూడా ఎత్తిద్దేమోనని."

అప్పటిదాకా మామూలుగా ఉన్న గొంతు అక్కడ విరిగిపోయింది. ఆ పిల్ల ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఊరుకోమని నేనూ అనలేదు, ఆమె ఫోను పెట్టేయనూ లేదు.

మనిషి పోయారని తెలిసిన వెంటనే లాగిన్ మూసేయాలి. అదీ నేను రాసిన రూలే. మౌసు మీద చెయ్యి పెట్టాను. అప్పుడే తెర మీద బెల్లంకొండ నుంచి మరో ప్రశ్న గుంటూరుకు బయల్దేరింది. దాని కాలం చెల్లేదాకా ఆగి, అప్పుడు మూశాను.